అక్క పడవకు బద్దలు

ఉదయం తొమ్మిదిన్నరకు ఛత్రినాకలో బస్సు ఎక్కాం, నేనూ సునీతక్కా. హుస్సేన్‌సాగర్‌లో ఉండే మా చిన్న పడవకు కొత్త తెరచాప కుట్టించాం. దాని వెనుక అంచు గాలికి ముడుచుకోకుండా చాపకు కుట్టిన సన్నటి సంచుల్లో బద్దలు దూర్చాలి. పాతవి విరిగిపోయాయి. చాంద్రాయణగుట్టలో ఫైబర్ సామాను చేసే దుకాణం ఉందని విని బయలుదేరాం.

స్కూటర్ మీది నుంచి పడి అక్క కుడి భుజం విరిగి ఏడాదైంది. మళ్లీ పడవ ఎక్కడానికి డాక్టరు ఈమధ్యే ఒప్పుకున్నారు. గట్టి బద్దలే కొనాలని దారంతా చెబుతూనే ఉంది. అవైతే పెద్ద గాలికీ చాప ఆకారం చెడదు. కానీ గాలి తక్కువున్నప్పుడు, పడవ మలుపు తిరిగాక కూడా అవి పాత వంపులోనే మొండికేస్తాయి. అప్పుడు చాప అడుగున ఉండే కర్రను చేత్తో గుంజి, వాటి వంపు మార్చాలి. అక్క భుజం దానికి ఇంకా ఓర్చుకోదు.

ఫ్లైఓవర్ కింద దిగి గల్లీలోకి నడిచాం. దుకాణం యజమాని ఖాజా భాయ్ రెండు రకాల బద్దలు తీసి, వంచి చూసుకోమన్నాడు. అక్క గట్టి బద్ద కొసను నేలకు ఆనించి, పై కొసను కుడిచేత్తో నొక్కింది. కాస్తే వంగింది. మళ్లీ నొక్కి, పెదవి బిగించి చేయి దించేసింది. ఖాజా భాయ్ కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు. మెత్తటి బద్ద అందుకుంది. అది సులువుగా వంగి, వదలగానే తిన్నగా అయింది.

"గివే తీస్కుందాం" అంది.

గాలి గట్టిగొస్తే ఎట్లక్కా అని అడిగాను.

"గట్లాంటి రోజు నీళ్లల్లకు దిగం. మెల్లగున్ననాడు చుక్కాని నేనే పడ్త. గట్టియి కొంటే ఒడ్డున కూసోని నిన్ను సూసుడే అయితది."

చాప గుడ్డ చిరగకుండా ఖాజా భాయ్ కొసలు గుండ్రంగా అరగదీసి ఇచ్చాడు. వెళ్లేవాళ్లు బద్దలు చుట్టుకోవడానికి పాత దుప్పటి తీసుకెళ్లాలి. ఫైబర్ నూగు చేతికి గుచ్చుకుంటుంది. పక్క హోటల్లో బగారా అన్నం తిని, రెండు దాటాక బస్సెక్కాం. మాదన్నపేట మార్కెట్‌కు వెళ్తున్న ఒకావిడ ఆ కట్టను చూసి, "ఏందమ్మా, దోమతెరకా?" అని అడిగింది.

"పడవకమ్మా. ఆదివారం నేనే నడుపుతున్న" అంది అక్క.

బద్దలు కొనబోయేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే: పడవ నడిపే మనిషిని వెంట తీసుకెళ్లండి. ఇల్లు చేరేదాకా అక్క ఆ కట్టను నా చేతికివ్వలేదు.