వెనక అద్దం మీద బొమ్మ

మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను షాపులో ఒక పాత కారు తలుపు మీది స్టిక్కరు ఊడదీస్తున్నాను. ఆయన భార్య ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ మాస్టారు ఇక లేరమ్మా. పొద్దున డయాలసిస్‌కి తీసుకెళ్ళాం. అక్కడే, మంచం మీదే పోయారు" అన్నారు. ఆవిడ గొంతులో ఏడుపు లేదు. రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు ఆయన్ని ఆస్పత్రికి తిప్పిన మనిషి. వస్తున్నానండీ అని పెట్టేశాను.

ఆయన బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. విజయవాడలో బస్సులకీ వ్యాన్లకీ కార్లకీ వినైల్ ఫిల్మ్ అతికించే పనివాడు. జనం మా షాపుని ఇప్పటికీ రేడియం షాపనే అంటారు. బెంజ్ సర్కిల్‌లో సిగ్నల్ పడి ఆగినప్పుడు మీ ముందున్న కాలేజీ బస్సు మీద పేరు చదివే ఉంటారు. అలాంటి పేర్లు చాలా ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. బస్సు మీద అతికించినవాడి పేరు ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు.

మొదట్లో ఆయన బోర్డులు రాసే పెయింటరు. కంప్యూటర్‌తో అక్షరాలు కోసే యంత్రాలొచ్చి కుంచెకి పని లేకుండా పోయాక, నలభై ఐదో ఏట ఫిల్మ్ అతికించడం నేర్చుకున్నారు. నేను డిగ్రీ అయ్యాక డిజైన్లు చెయ్యడానికి ఆ షాపులో చేరాను. అతికించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అద్దాన్ని మూడుసార్లు తుడిపించేవారు. తుడిచాక అరచేత్తో కాకుండా చేతి వెనకవైపుతో తడిమి చూసేవారు. అక్కడి చర్మానికే ఇసుక రేణువు తెలుస్తుందట. ఫిల్మ్ కింద గాలి బుడగ చిక్కితే నేను కంగారుగా దాని మీదే నొక్కేదాన్ని. "నొక్కితే పక్కకి పోద్ది గానీ బయటికి పోదమ్మాయ్. దానికి దారి చూపించు" అనేవారు. పని మధ్యలో టీ తాగేవారు కాదు. బండి యజమాని ఎంత పెద్దవాడైనా, షాపు గడప దిగాక ఆ బండి డ్రైవరుదే అనేవారు. తాళం ఇచ్చేముందు డ్రైవర్ని సీట్లో కూర్చోబెట్టి, అన్నీ కనపడుతున్నాయా అని అడిగేవారు.

ఆ ప్రశ్న నేను ఒకసారి అడగలేదు. అడగకపోవడం వల్ల ఏం జరిగిందో మాస్టారు బతికున్నన్నాళ్ళూ నన్ను ఎవరికీ చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఐదేళ్ళ కిందట, వేసవి సెలవులు అయిపోయే రోజు. మాస్టారు బంధువుల పెళ్ళికి వెళ్ళారు. ఒక స్కూలు వ్యాను యజమాని వచ్చి వెనక అద్దం నిండా పిల్లల బొమ్మ కావాలన్నాడు. అద్దానికి వేసే ఫిల్మ్ వేరే ఉంటుంది. దానికి సన్నటి చిల్లులుంటాయి. బయటివాళ్ళకి బొమ్మ కనిపిస్తుంది, లోపలున్న డ్రైవరుకి రోడ్డు కనిపిస్తుంది. ఆ రోజు షాపులో ఆ ఫిల్మ్ అయిపోయింది. రేపు బడులు తెరుస్తారు, మామూలుదే వేసెయ్యండి, పక్క అద్దాలున్నాయి కదా అని అతను పట్టుబట్టాడు. మాస్టారుకి ఫోన్ చేశాను. నేనొచ్చేదాకా ఆగమను అన్నారు. నేను ఆగలేదు. అంత పెద్ద బొమ్మ నేనొక్కదాన్నే అతికించగలనని ఆయనకి చూపించాలనుకున్నాను. ఒక్క బుడగ కూడా లేకుండా అతికించాను. దూరంగా నిలబడి ఫొటో కూడా తీసుకున్నాను.

మరుసటి వారం మైలవరం దగ్గర ఒక ఊళ్ళో ఆ వ్యాను రివర్సులో వెనక్కి వస్తోంది. మనవడు మర్చిపోయిన నీళ్ళ సీసా ఇవ్వడానికి ఒక పెద్దావిడ దాని వెనకాలే పరిగెత్తుకొచ్చింది. డ్రైవరుకి ఆవిడ కనపడలేదు, వ్యాను గుద్దేసింది. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ఆవిడ ప్రాణం పోయింది. మనవడు వ్యాన్లోనే ఉన్నాడు.

నాలుగో రోజు ఎస్సై గారు షాపుకొచ్చి ఆ బొమ్మ ఎవరు అతికించారని అడిగారు. మాస్టారు చేతిలో బ్లేడు బల్ల మీద పెట్టి లేచారు.

"నేనేనండీ" అన్నారు. "చిల్లుల ఫిల్మ్ లేదని తెలిసే వేశాను."

నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు తిరగలేదు. "అమ్మాయ్, లోపల మిషను ఆగినట్టుంది, చూడు" అన్నారు.

మిషను ఆగలేదు. అది నడుస్తూనే ఉంది. అయినా లోపలికి వెళ్ళాను. ఎవరిదో కొత్త కారు కోసం అక్షరాలు కోస్తున్న దాని ముందు నిలబడి, బయట ఆయన జవాబులు వింటూ ఉండిపోయాను. నన్నెవరూ కట్టిపడెయ్యలేదు. నాలుగడుగులు వేస్తే బయటికి రావచ్చు. రాలేదు.

ఆ తరవాత చాలా రోజులు ఆయన్ని స్టేషన్‌కి పిలిపించి బల్ల మీద కూర్చోబెట్టారు. కేసు చివరికి డ్రైవరు మీదే నడిచింది. అతను కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. యజమాని తను పట్టుబట్టిన సంగతే ఒప్పుకోలేదు. స్కూళ్ళవాళ్ళు మా షాపుకి రావడం మానేశారు. నేనే వెళ్ళి నిజం చెప్పేస్తానన్నాను. అప్పటికి నా కూతురికి మూడేళ్ళు. "నువ్వు చెప్తే పోయినావిడ లేచి రాదు. నీ పిల్ల మాత్రం స్టేషన్ బయట కూర్చోవాలి" అన్నారు మాస్టారు. అలాగని ఆయన నన్ను క్షమించారని కాదు. రెండు నెలలు పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. నేను అతికించిన ప్రతి అద్దం దగ్గరికీ వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుని వెనక్కి చూసి, ఏమీ అనకుండా దిగిపోయేవారు. ఆ నెలల్లో ఆయన తిట్టి ఉంటే బాగుండుననిపించేది.

నెలకో ఆదివారం ఆయన మైలవరం బస్సెక్కుతున్నారని వాళ్ళావిడ ద్వారా తెలిసింది. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. చనిపోయినావిడ కొడుకు వీధిలోకి వచ్చి మమ్మల్ని ఆపాడు. మాస్టారు దణ్ణం పెట్టారు.

"ఆ చేతులతో నాకు దణ్ణం పెట్టమాక" అన్నాడతను.

మాస్టారు చేతులు దించేసుకున్నారు. అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాం. బస్సులో నేను ఏడుస్తుంటే, "అతనికి కోప్పడటానికి ఒక మనిషి కావాలమ్మాయ్. నేను కాకపోతే ఇంకెవరి మీద పడతాడు?" అన్నారు. మూడేళ్ళు అలా వెళ్ళారు. తరవాత మూత్రపిండాలు పాడై, బస్సెక్కే ఓపిక లేక మానేశారు. మంచం పట్టాక కూడా ఒకటి రెండుసార్లు, ఈ నెల వెళ్ళలేదు కదూ అని నన్నడిగారు.

పెద్దకర్మ అయిన మర్నాడు నేను ఒక్కదాన్నే ఆ ఊరెళ్ళాను. అతను ఇంట్లో లేడు. రోడ్డు పక్కనే ఉన్న కొత్త మామిడి తోటలో మొక్కలకి పైపుతో నీళ్ళు పెడుతున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. మాస్టారు పోయారని చెప్పాను. అతను తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు. తరవాత మిగతాదంతా చెప్పాను. అతికించింది నేనేనని, ఆయన ఆగమన్నా ఆగలేదని, ఎస్సై గారు వచ్చినప్పుడు లోపలికెళ్ళి నిలబడ్డానని.

అతను తిడతాడనుకున్నాను. కొడితే కొట్టించుకుందామనే వెళ్ళాను. చాలాసేపు అతను నా చేతుల వైపే చూశాడు.

"మూడేళ్ళు వచ్చాడు" అన్నాడు చివరికి. "మంచినీళ్ళు తాగుతావా అని కూడా అడగలేదు నేను."

నేను తల దించుకున్నాను.

"ఆయనుండగా చెప్పాల్సింది కదమ్మా. ఇప్పుడు చెప్పి నన్నేం చెయ్యమంటావు?"

నా మనసులో బరువు దించుకోవడానికి వెళ్ళి, ఆ బరువులో సగం తీసుకెళ్ళి ఆ మనిషి నెత్తిన పెట్టానని మాత్రం అర్థమైంది. మాస్టారు ఇన్నేళ్ళూ నన్ను ఆపింది నా పిల్ల కోసమేనా, ఇది కూడా ముందే తెలిసి ఆపారా అన్నది ఇక ఎవర్నీ అడగలేను.

వస్తానండీ అన్నాను. రోడ్డెక్కి బస్సు కోసం నిలబడి చూస్తే, ఇంకా అదే మొక్క దగ్గరున్నాడు. పైపు కింద పడేసి ఉంది. పాదు ఎప్పుడో నిండిపోయింది. నీళ్ళు గట్టు తెంచుకుని, ఎండుటాకుల్ని తోసుకుంటూ, అతని కాళ్ళ మధ్య నుంచి మెల్లగా రోడ్డు మీదికి వస్తున్నాయి.