మూడు మిల్లీమీటర్ల వందనం

హసాకా చిజురు ఏం ఉద్యోగం చేస్తుందో ఆమె సొంత చెల్లెలికే సరిగ్గా తెలియదు. ఆసుపత్రికి వెళ్తుంది కాబట్టి డాక్టరే అయివుంటుందని వీధిలో వాళ్లు అనుకుంటారు. కాదండీ కాదండీ అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఆమె ఆ ప్రయత్నం మానుకుంది. ఆ ఆసుపత్రి వెనక భాగంలో కణితి మీదికి ప్రోటాన్ కిరణాన్ని పంపే యంత్రం ఉంది. ఏ రోగికి ఆ కిరణం ఎంత లోతు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో లెక్కకట్టే ఫిజిసిస్టులు ఐదుగురు. ఆ ఐదుగురికీ చిజురు పెద్ద. మామూలు కిరణమైతే ఒంట్లోకి ఒక పక్క దూరి రెండో పక్క బయటపడేదాకా దారిపొడుగునా కాలుస్తూ పోతుంది. ఇది చెప్పిన చోటికి వెళ్లి, అక్కడ తన బలమంతా వదిలేసి ఆగిపోతుంది. "మా ఆయన కూడా ఇంత చెప్పినమాట వింటే ఎంత బాగుండేది!" అనేది చిజురు, ముఖ్యంగా ఆయన పక్కన ఉన్నప్పుడు.

యాభై నాలుగేళ్ల పొట్టి మనిషి. చలికాలం పొద్దున్నే, రోడ్డు మీద గొట్టాల్లోంచి నీళ్లు చిమ్మి మంచును కరిగిస్తూ ఉంటే, ఆ తడిలో రబ్బరు బూట్లు టపటపలాడించుకుంటూ వచ్చేది. రోగులు రాకముందే నీళ్ల తొట్టిలోకి కిరణాన్ని పంపి, అది చెప్పిన లోతులో ఆగుతోందో లేదో చూసుకోవాలి. ఆ గంటసేపూ ఆమెకు నిద్రా కాదు, మెలకువా కాదు. గోడల వెనక యంత్రం సన్నగా మూలుగుతూ ఉంటుంది. కిటికీ అవతల మంచు పడుతూ ఉంటుంది. తెర మీద ఒక గీత మెల్లగా పైకి లేచి, ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. అదే కిరణం ఆగిన చోటు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నా ఆ గీత పడినప్పుడల్లా ఆమెకు ఒళ్లు తేలికయ్యేది.

అన్నేళ్లుగా తాను పంపుతున్న కిరణాన్ని ఆమె ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. అది బయట ఎవరికీ కనపడదు. కంటి దగ్గర వైద్యం జరిగే రోగుల్లో కొందరికి మాత్రం, మూసిన రెప్పల లోపల, నీలంగా ఏదో వెలుగుతుందట. అలాంటి రోగి వస్తే చాలు, ఎలాంటి నీలమో అడగకుండా చిజురు ఉండలేదు. విన్న నీలాలన్నీ రాత్రుళ్లు ఆమె కలల్లోకి వచ్చేవి.

ఆ ఏడాది చలికాలంలో మిత్సుయో వచ్చింది. చేతితో కాగితం చేసే ఊరు ఆమెది. అరవై మూడేళ్లు. నానబెట్టిన బెరడు నారను చల్లటి నీళ్లలో విప్పి, అందులోని నలుసులను ఒక్కొక్కటే ఏరడం ఆమె పని. నలభై ఏళ్లుగా తల వంచుకుని అదే చేస్తోంది. ముక్కు వెనక, కుడి కంటి పక్కన కణితి లేచింది. ఎడమ కన్ను చిన్నప్పటినుంచీ మసకే. కుడి కంటి నరానికీ కణితి అంచుకూ మధ్య జాగా రెండు మిల్లీమీటర్లు. కిరణం ఆ జాగాలోనే ఆగితే ఆమెకు చూపు ఉంటుంది, పదేపదే దాటితే పోతుంది.

మిత్సుయో మహా మర్యాదస్తురాలు. తలుపు దగ్గర ఒకసారి, బల్ల దగ్గర ఒకసారి, దిగాక మనిషికొకసారి నమస్కారంగా వంగేది.

"లెక్కలమ్మగారూ, ఇవాళ రంగు అడగలేదేంటండీ?" అంది ఒకరోజు.

"అడుగుదామనే వచ్చానండీ. ఎలా ఉంది?"

"మా ఏటి నీళ్లలో చెయ్యి పెడితే కాసేపటికి చెయ్యి నాది కాదనిపిస్తుందండీ. అప్పుడు కళ్లు మూసుకుంటే ఉండే రంగు."

చిజురు ఆ రోజంతా ఏం పని చేసిందో ఆమెకే గుర్తులేదు.

పన్నెండో రోజు చికిత్స అయిపోయాక, రోగిని దింపకముందే మాగరా ఇంకో ఎక్స్‌రే తీశాడు. మాగరా బల్ల దగ్గర రోగిని సరిచేసి యంత్రం నడిపే మనిషి. చిజురు కంటే నాలుగేళ్లు పెద్ద, నోరు కూడా పెద్దదే. పటం చూసి చిజురును పిలిచాడు. గడ్డం మూడు మిల్లీమీటర్లు లోపలికి వంగి ఉంది. బియ్యపు గింజలో సగం. చికిత్సకు ముందు తీసిన పటంలో అంతా సరిగ్గానే ఉంది.

చిజురు పాత పటాలు తిరగేసింది. చికిత్స అయ్యాక అలాంటి పటం వారానికోసారి తీయాలి. ఐదో రోజు తీసినప్పుడు బాగానే ఉంది. పదో రోజు రద్దీగా ఉందని వదిలేశారు. వదిలేయమని సంతకం పెట్టింది ఆమే.

మిత్సుయోకు వైద్యం చేసే కురిమోతో అనే డాక్టర్ చికిత్స ఆపేశాడు. "మూడు రోజులు ఇస్తాను. అంతకంటే ఆపితే కణితి మనకోసం కూర్చోదు" అన్నాడు.

బల్ల కొలిచారు. యంత్రం చూశారు. తొట్టి నింపి మళ్లీ మళ్లీ కిరణం పంపారు, గీత పడాల్సిన చోటే పడింది. తల కదలకుండా ముఖం మీద బిగించే ప్లాస్టిక్ ముసుగు కాస్త వదులైందని తేలింది. మిత్సుయో మూడు కిలోలు తగ్గింది మరి.

"ఇంకేం, దొరికింది కదా! కొత్త ముసుగు పోసేద్దాం" అన్నాడు మాగరా.

"పోసేద్దాం" అంది చిజురు. " రెండు వారాలకు అదీ వదులవుతుంది. ముసుగు వదులంటే తలుపు తీసి ఉన్నట్టే, సరే. లోపలికి వచ్చిందెవరు? పక్కలకు కాకుండా గడ్డం కిందికే ఎందుకు వెళ్లాలి?"

మిత్సుయోను అడిగితే ఆమె లబలబలాడింది. "అయ్యయ్యో, నేను కదల్లేదండీ! ఊపిరి కూడా అడిగి తీసుకున్నాను!" ఆమె అబద్ధమాడే మనిషి కాదు. అదే చిజురును మరీ కలవరపెట్టింది.

మూడో రోజు పదకొండు గంటలకు అందరూ టీ తాగుతున్నారు. ఆ ఊళ్లో చలికాలంలోనే తినే చల్లటి ఎర్రచిక్కుడు తీపి పెట్టె ఎవరో తెచ్చారు. చిజురు చెంచా పట్టుకుని మంచు చూస్తూ కూర్చుంది. ఆలోచిస్తోందో నిద్రపోతోందో చెప్పడం కష్టం. మాగరా ఫోనులో ముసుగులు అమ్మేవాడితో మాట్లాడుతున్నాడు. "అవునండీ, మీ దయండీ, ఉంటానండీ" అంటూ గోడకేసి నడుం దాకా వంగాడు.

"గోడ కూడా నీకు వంగిందా?" అన్నారెవరో.

"నేనెక్కడ వంగాను?" అన్నాడు మాగరా, నిజంగానే తెలియక.

అందరూ పడీ పడీ నవ్వారు. చిజురు చెంచా కింద పెట్టింది.

కొత్తవాళ్లకు పాఠం చెప్పడానికి ఎప్పుడో ఆమె ముఖం మీదే పోసిన ముసుగు ఒకటి ఉంది. యంత్రం ఆపేయించి, గడ్డం మీద చుక్క అతికించుకుని, గోడ నుంచి పడే ఎర్ర గీత కిందకి ఆ చుక్క వచ్చేలా బల్ల మీద పడుకుంది. "రోజూ చేసేదే చెయ్యి. ఒక్క మాట తగ్గకూడదు" అని, ఆ ముసుగు బిగించమంది.

మాగరా బయటికి వెళ్లి, అలవాటు ప్రకారం ఒక్కొక్కదానికీ వేలు చూపిస్తూ పైకి చదివాడు. "పేరు, సరే! ముసుగు, సరే! తలుపు, సరే!" తర్వాత గదిలోని స్పీకర్లో అతని గొంతు మెత్తగా వినిపించింది. "ఇక మొదలుపెడుతున్నామండీ. మీ దయ ఉండాలండీ."

కదలకూడదని ఆమె గట్టిగానే అనుకుంది. లేచి వచ్చి కెమెరా పటం చూస్తే చుక్క గీతను వదిలి కిందికి దిగిపోయి ఉంది. ముసుగులో నోరు తెరవలేని మనిషి ఇంకెలా బదులిస్తుంది? మెడే బదులిచ్చింది.

మాగరా తల గోక్కున్నాడు. "మర్యాదగా మాట్లాడటం కూడా తప్పేనా, చీఫ్?"

"ఈ గదిలో తప్పే. ఆ మాట పెట్టించింది నేనే కదా."

తొమ్మిదేళ్ల కిందట, నిశ్శబ్దంలో రోగులు బెదిరిపోతున్నారని, యంత్రం కదిలే ముందు ఒక మంచి మాట వినపడాలని పట్టుబట్టి పెట్టించింది. ఆసుపత్రిలో అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పుడామెకు సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నం లెక్కలు కట్టారు. ఐదో రోజు తర్వాత ఏడు రోజులూ తల వంగిందనే అనుకుంటే, నరానికి తగిలిన కిరణం అది తట్టుకోగల హద్దు దాటలేదు గానీ హద్దును ఆనుకుంది. డాక్టర్ కురిమోతోను వెంటబెట్టుకుని వెళ్లి చిజురు అంతా మిత్సుయోకు చెప్పేసింది. పదో రోజు పటం వదిలేసిన సంగతీ దాచలేదు.

మిత్సుయో చాలాసేపు తన వేళ్లకేసి చూసుకుంది.

"కన్ను పోతుందాండీ?"

"తెలియదండీ. రెండేళ్లు పోతే గానీ తెలియదు. మిగతా రోజులకు లెక్క మార్చాను, నరానికి ఇంకా దూరంగా ఆగేలా. ఇకమీదట తల కదలకుండా ఉంటే నిలబడుతుందనే నా ఆశ." ఆమె నడుం విరిగేలా వంగింది. "తప్పు నాదండీ."

"అయ్యో, కదిలింది నా తలే కదండీ!" అంటూ మిత్సుయో మంచం మీదే అంతకంటే కిందికి వంగింది. ఎవరు ముందు లేస్తారో తేలక ఇద్దరూ అలాగే ఉండిపోయారు. చివరికి డాక్టర్ దగ్గాడు.

"రేపటినుంచి మేము ఏమీ మాట్లాడమండీ" అంది చిజురు.

మిత్సుయో ముఖం చిన్నదైపోయింది. "ఏమీ అనరా? మరి ఆ చీకట్లో మీరున్నారో వెళ్లిపోయారో నాకెలా తెలుస్తుందండీ?"

"ఉంటాం. మీ బదులు మేమే బయట వంగుతాం. మీరు మాత్రం వంగొద్దు."

మర్నాడు మిత్సుయో ముసుగు వేయకముందే అందరికీ కరువుతీరా వంగి, చెప్పాల్సిందంతా చెప్పేసి పడుకుంది. గడ్డం మీద చుక్క అతికించి కొత్త ముసుగు బిగించారు. పటం తీశారు, సరిగ్గా ఉంది. మాగరా వేలు చూపించి చదివాడు, ఈసారి గొణుగుతున్నట్టు. స్పీకర్ ఆపేశారు. మీట నొక్కగానే అతను వంగాడు. నర్సు వంగింది. మిగిలిన నలుగురు ఫిజిసిస్టులూ వంగారు. గోడ అవతల ఉన్న మనిషికి వాళ్లెవరూ కనపడరు.

చిజురు వంగలేదు. ఎవరో ఒకరు తెర మీది చుక్కను చూస్తూ ఉండాలి, చుక్క కదిలితే యంత్రాన్ని ఆపాలి. ఆపే మీట మీద వేలు పెట్టుకుని నిలబడింది. అందరికంటే ఎక్కువ వంగాల్సింది తానేనని ఆమెకు తెలుసు. యాభై నాలుగేళ్ల అలవాటు మెడ పట్టి కిందికి లాగుతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ రెప్ప వాల్చలేదు. గోడకు అటు ఒక ఆడమనిషి, ఇటు ఒక ఆడమనిషి, తొంభై సెకన్లు, తల వంచకుండా ఉండిపోయారు.