నా బదులు వెళ్లిన మనిషి

మొన్న ఆదివారం పొద్దున్నే మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, తనకు సరిహద్దు దగ్గరి ఫిరంగి దళంలో పోస్టింగు వచ్చిందని చెప్పింది. "అత్తా, నన్ను ముందుకే పంపిస్తాండారు, మగోళ్లతో సమానంగా," అంది, సంతోషం పట్టలేక. నేనూ సంతోషంగానే మాట్లాడాను, చలికి రెండు జతల మేజోళ్లు వేసుకోమని చెప్పాను. ఫోన్ పెట్టేశాక మాత్రం కడపలోని మా ఇంటి వసారాలో ఎండ మీదికొచ్చేదాకా అలాగే కూర్చుండిపోయాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, డాక్టర్లుగా నర్సులుగా కాకుండా మామూలు ఆఫీసర్లుగా ఆడపిల్లలను సైన్యంలోకి తీసుకోవడం మొదలుపెట్టిన ఆ కొత్తరోజులు. బద్వేలులో ఎరువుల అంగడి నడిపే మా నాయన పేపర్లో వచ్చిన ప్రకటనను కత్తిరించి తెచ్చి నా చేతిలో పెడితే, మా అమ్మ రెండు రోజులు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. నేను ఎంపికయ్యాను. మగవాళ్లకు నేర్పినట్టే మాకూ తుపాకీ పేల్చడం, బరువు మోస్తూ పరుగెత్తడం నేర్పారు గానీ, యుద్ధం చేసే దళాల్లోకి మాత్రం రానివ్వలేదు. నాకు సరఫరా విభాగం ఇచ్చారు. ఉత్తరాన కొండల మీద కాపలా కాసే జవాన్లకు బియ్యం, పప్పు, కిరోసిన్ లారీల కాన్వాయ్‌లలో పైకి చేర్చడం మా పని.

ఆ యూనిట్‌లో ఒక సుబేదారు ఉండేవాడు. మన కోడుమూరు మనిషి, ముస్లిం కుటుంబం, హోదాలో నా కింద, వయసులో నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నలుగురిలో ఉన్నప్పుడు నన్ను మేడమ్ అని హిందీలో పలకరించేవాడు. స్టోరు గదిలో మేమిద్దరమే లెక్క చూసుకునేటప్పుడు మాత్రం "ఏమ్మా, ఈ పొద్దు చలి శానా ఉండాది," అని మన మాటల్లోకి వచ్చేసేవాడు, ఆ ఒక్క మాటకు నాకు ఇంటికి వెళ్లి వచ్చినట్టుండేది. కొండ దారిలో లారీని ఎక్కడ ఆపకూడదో, డ్రైవర్ అలిసిపోయాడని ముఖం చూసి ఎలా తెలుసుకోవాలో, ఏ పుస్తకంలోనూ లేనివన్నీ ఆయనే నాకు నేర్పాడు. సెలవు మంజూరైంది, ఊరికి పోయి చేనులో బోరు వేయించాలని ఆ వారమంతా అదే మాట చెబుతూ తిరిగాడు.

అప్పుడే సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. కాన్వాయ్ వెంట వెళ్లడానికి మాకు వంతులుండేవి, మరునాటి వంతు నాది. పొద్దున్నుంచీ దగ్గరుండి లోడు ఎక్కించాను. సాయంత్రం మా పై అధికారి పిలిచి, ఇకమీదట ఆడ ఆఫీసర్లు ఎవరూ నది మీది వంతెన దాటి సరిహద్దు వైపు పోకూడదని ఆదేశం వచ్చిందనీ, నా బదులు సుబేదారు వెళ్తాడనీ చెప్పాడు. వాదించాను. లాభం లేకపోయింది. ఆ కోపంలో నేను చేసిన పనిని ఇన్నేళ్లుగా క్షమించుకోలేకపోతున్నాను. తెల్లవారి కాన్వాయ్ బయల్దేరేటప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చి, "మీరేం మనసులో పెట్టుకోవద్దమ్మా, మాపటికంతా వచ్చేస్తాను," అన్నాడు. నేను చేతిలోని కాగితాల మీది నుంచి తల ఎత్తలేదు. ఆయన వల్లే నాకు ఆ అవమానం జరిగినట్టు, వెళ్లిరమ్మని ఒక్క మాటైనా అనలేదు.

మధ్యాహ్నం వైర్లెస్‌లో కబురొచ్చింది, ముందు లారీ దగ్గర ఫిరంగి గుండు పడిందనీ, సుబేదారూ డ్రైవరూ అక్కడికక్కడే పోయారనీ. ఎవరికీ చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను, ఆ మాట వినగానే నా మనసులో మొదట మెదిలింది దుఃఖం కాదు, నేను బతికి ఉన్నానన్న ఊరట. దుఃఖం ఆ తరువాత వచ్చింది, వచ్చి ఇక పోలేదు.

రెండు నెలలకు నాకు సెలవు దొరికింది. బద్వేలులో రెండు రోజులైనా ఉండకుండా కర్నూలు బస్సెక్కి, అక్కడినుంచి కోడుమూరు వెళ్లాను. ఆయన భార్య ఇంటి ముందర నులక మంచం మీద కూర్చుని చేటలో జొన్నలు బాగు చేస్తోంది. నేనెవరో చెప్పబోతే, ఆమే నన్ను గుర్తుపట్టింది. మన సీమ ఆడబిడ్డ ఒకామె తమకు ఆఫీసరుగా వచ్చిందని ఆయన ప్రతి ఉత్తరంలోనూ గొప్పగా రాసేవాడట. మంచం మీద చోటిచ్చి, చేటలో రాళ్లు ఏరుతూనే, "ఆ పొద్దు పోవాల్సింది ఆయప్ప కాదంట గదమ్మా?" అని అడిగింది.

నా వంతని చెప్పాను.

"మరి నువ్వేంటికి పోలేదు?"

ఆడవాళ్లను పోనివ్వలేదని చెప్పాను. ఆమె తిట్టలేదు, గొంతు పెంచలేదు. "నువ్వు ఆడబిడ్డవని నిన్ను ఆపినారు. నేనూ ఆడదాన్నే గదమ్మా, నన్నెవురు తలుచుకున్నారు?" అంది.

చేట పక్కన పెట్టి లేచి, "అంత దూరం నుంచి వచ్చినావు, తిని పో," అని జొన్నరొట్టె, పప్పు పెట్టింది. ఆమె ఎదురుగా కూర్చుని ఆ రొట్టె మొత్తం తిన్నాను.

నన్ను ఒప్పందం మీద తీసుకున్న ఏళ్లు అయిపోగానే ఇంటికి పంపేశారు, అప్పట్లో మాకు అంతకు మించి ఉండే దారి లేదు. తరువాత ఒకసారి కోడుమూరు పోతే ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు. ఆమె కొడుకు పనిచేసే ఊరికి వెళ్లిపోయిందన్నారు గానీ, అది ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇప్పుడు కడపలో పొద్దున్నే మైదానంలో ఆడపిల్లలు సైన్యంలో భర్తీ కోసం పరుగులు తీస్తుంటే, తండ్రులు గట్టున నిలబడి గడియారం చూస్తున్నారు. అన్ని దళాల్లోకీ ఇంకా రానివ్వకపోయినా, మేము ఊహించని చోట్లకు వీళ్లు వెళ్తున్నారు. మా తమ్ముడి కూతురు వంతు వస్తే ఆమే బయల్దేరుతుంది. నేను ఆ వయసులో కోరుకున్నది అదే, అది న్యాయమని ఇప్పటికీ అంటాను. కానీ వసారాలో కూర్చున్నప్పుడు, ఎవరైనా ఈ పిల్లను కూడా ఆపితే బాగుండునని మనసు ఒక్క క్షణం ఆశపడుతుంది. ఆ వెంటనే సిగ్గుతో తల దించుకుంటాను, మా పిల్లను ఆపిన పొద్దు ఇంకెవరింటి మనిషో బయల్దేరి వెళ్లాలని నాకు తెలుసు కనుక.