ఇవాళ్టి ఎండ

బాబాయిగారు పోయారన్న కబురు ఆయన కూతురు మా స్కూలు ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పింది. ముందు హిందీలో "ఆంటీ, పాపా నహీ రహే" అంది. ఒక భాషలో చెబితే నేను నమ్మనేమో అన్నట్టు మళ్లీ తెలుగులో, "నాన్నగారు పోయారు, పొద్దున పదింటికి" అంది. తొమ్మిదో తరగతికి వాట్లూ జౌళ్లూ చెబుతూ మధ్యలో వచ్చాను. చేతికి సుద్దపొడి అంటుకునే ఉంది. ఆ పాఠం నాకు నేర్పిన మనిషి పోయాడని పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక, చెప్పకుండానే నోయిడా బస్సెక్కాను.

ఆయన మాకు చుట్టం కాదు. సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో మా పైవాటాలో ఉండేవారు. అందరినీ అంకుల్ అనేసే ఆ కాలనీలో నేను బాబాయిగారూ అని పిలిస్తే, ఊరి నుంచి ఉత్తరం వచ్చినంత సంబరపడ్డారు. ప్రభుత్వంలో ఇంజనీరు. రెండేళ్లలో రిటైరయ్యే వయసులో ఆయనకు ఒక పని అప్పగించారు. సోలార్ కుక్కర్ అనే పెట్టె, పైన అద్దం, లోపల నల్లరంగు వేసిన గిన్నెలు. దాన్ని ఒక సంసారంలో ఏడాది పాటు వాడి చూసి నివేదిక రాయాలి. బాగుంటే మా కాలనీల్లో ఇంటింటికీ ఇస్తారట.

సంసారం అంటే ముందు సొంత సంసారమే కదా. పిన్నిగారు ఒక్క మాటతో తేల్చేశారు. "ఎండలో వడియాలు పెడతారు గానీ, పప్పు వండుతారటండీ?" ఆ పప్పు తాను ముట్టనని కూడా చెప్పారు. దాంతో పెట్టె మేడ మీదే ఉండిపోయి, వంట నా పాలపడింది. నాకప్పుడు పెళ్లయి ఏడాది. బీఎస్సీ పట్టా ట్రంకుపెట్టె అడుగున చీరల కింద ఉంది. గ్యాసుకు పేరు రాయించి వంతు కోసం చూస్తున్నాం. వారం వారం కార్డు పట్టుకుని కిరసనాయిలు క్యూలో నిలబడే దాన్ని. ఎండకు క్యూ లేదని ఒప్పుకున్నాను.

పొద్దున పదింటికి పప్పు, నీళ్లు పెట్టెలో పెట్టాలి. గంటగంటకూ థర్మామీటరు చూసి నోట్‌బుక్‌లో రాయాలి. ఆ నోట్‌బుక్‌ను దారం కట్టి పిట్టగోడ మేకుకు వేలాడదీసేవారు. ఆఫీసుకు వెళ్లేముందు ఎండను కొలిచే చిన్న మీటరు ఎలా చదవాలో చూపించారు. చివరి గడిలో ఉడికిందా లేదా అన్నది ఒక్క మాటలో రాయాలి. "చూసి రాయకమ్మా, నొక్కి చూసి రాయి" అనేవారు. పప్పు బద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కాలి. పలుకు తగిలితే ఉడకనట్టే.

సాయంత్రాలు కాఫీకి దిగివచ్చి పాఠం చెప్పేవారు. అది పాఠమని నాకు తెలియకుండా చెప్పేవారు. మా కుళాయికి నీళ్లు పొద్దున గంట సేపే వచ్చేవి. ధార ఎంత లావుగా వస్తోందన్నది వాటు, బకెట్లో ఎన్ని నీళ్లు చేరాయన్నది జౌలు అన్నారు. సన్నధారైనా ఎక్కువసేపు పడితే బకెట్ నిండుతుంది, అదే మన పెట్టె చేసే పని అన్నారు. కరెంటు బిల్లు మీది యూనిట్ అంటే వెయ్యి వాట్ల హీటరు గంట సేపు తినేది, ముప్పై ఆరు లక్షల జౌళ్లు. అది విన్నాక మా ఆయన స్నానానికి హీటరు పెడితే నా ప్రాణం గిలగిల్లాడేది. ఒకరోజు, బొగ్గూ కిరసనాయిలూ ఎక్కడి నుంచి వచ్చాయని అడిగి, తానే చెప్పారు. "బొగ్గు పాత ఎండ. పిడక నిన్నటి ఎండ, గడ్డి తిని గేదె ఇచ్చింది. మన పెట్టెలోది ఇవాళ్టి ఎండ. అంతే తేడా."

ఎండాకాలమంతా పప్పు పువ్వులా ఉడికింది. మబ్బు పట్టిన వానరోజులు తప్పిస్తే దీపావళి దాకా ఢోకా లేదు. జనవరిలో పొగమంచు దిగింది. మధ్యాహ్నం పన్నెండైనా సూర్యుడు పాలలో పడ్డ బిళ్లలా కనబడేవాడు. అప్పటికే కాలనీ పిల్లలు ఆయన్ను 'ధూప్‌వాలే సాబ్', అంటే ఎండ దొరగారు, అని వెక్కిరించేవారు. మా ఆయన కూడా ఇంట్లో ఆ పేరే వాడేవాడు. చలికాలం లెక్కలు బాగా రాకపోతే పథకం మూలపడుతుందనీ, ఆయన్ను మళ్లీ ఫైళ్ల మధ్యకు పంపేస్తారనీ పిన్నిగారు నాతో చెప్పి కళ్లొత్తుకున్నారు. నాకు గుండె తరుక్కుపోయింది.

అంచేత మూడు రోజులు నేనొక పని చేశాను. పప్పు గిన్నెను గుట్టుగా కిందికి తెచ్చి కిరసనాయిలు స్టవ్ మీద ఉడికించాను. నోట్‌బుక్‌లో రెండు గంటల్లో తొంభై అయిదు డిగ్రీలు, 'ఉడికింది' అని రాశాను. ఎండ మీటరు అంకె మాత్రం ఉన్నది ఉన్నట్టే రాశాను. అబద్ధం కూడా సరిగ్గా ఆడటం రాని దాన్ని.

మూడో రోజు సాయంత్రం ఆయన నోట్‌బుక్ పట్టుకుని దిగివచ్చారు. మంగళవారం లెక్క తేలడం లేదు, కాస్త చేసిపెట్టమన్నారు. నా చేతే వేయించారు. లీటరు నీళ్లు పన్నెండు డిగ్రీల నుంచి తొంభై అయిదుకు ఎక్కడానికి దాదాపు మూడున్నర లక్షల జౌళ్లు కావాలి. పావు చదరపు మీటరు పెట్టె మీద ఆ మసక ఎండ రెండు గంటల్లో కురిపించింది రెండు లక్షల డెబ్బై వేలు. అందులో ఒక్క జౌలు కూడా వృథా కాలేదనుకున్నా అంతే.

"మిగతా ఎనభై వేలు ఎవరిచ్చారమ్మా?"

నేను స్టవ్ వైపు చూశాను. ఆయనా చూశారు. నాకు ఏడుపొచ్చింది. చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే నేను తేలిగ్గా బయటపడేదాన్ని. "నామీద జాలితో రాశావు, నాకు తెలుసు. కానీ ఈ కాయితం నమ్మి ఇంకొకామె కిరసనాయిలు కార్డు వదులుకుంటుంది. జనవరిలో పిల్లలకు పలుకుల పప్పు పెడుతుంది. అప్పుడు నీ జాలి ఆమెకేం పనికొస్తుందమ్మా? ఉడకకపోతే ఉడకలేదని రాయి. అదీ రీడింగే." కాఫీ తాగి, ఠీక్ హై అని లేచారు. ఆ మూడు వరుసల మీదా అక్షరాలు కనబడేలా ఒక్కొక్క ఎర్రగీత గీసి, పక్కన తన సంతకం పెట్టారు.

ఢిల్లీ చలికాలంలో ఈ పెట్టెను నమ్ముకోకూడదని ఆయన నివేదికలో రాసి ఇచ్చారు. పథకం మూలపడింది. ఆయన మళ్లీ ఫైళ్ల మధ్యకు వెళ్లారు. నా పేరు కొట్టేసి ఉంటారనుకున్నాను. చివరి పేజీలో 'పరిశీలన' అన్నచోట నా పేరే ఉంది, బీఎస్సీతో సహా. ఆ కాయితం చూశాకే ట్రంకుపెట్టె అడుగు నుంచి పట్టా తీశాను. బీఎడ్ చేసి టీచరునయ్యాను. ఆయనకు నా కృతజ్ఞత ఏనాడూ సరిగ్గా చెప్పలేదు. చెప్పబోతే పప్పు సంగతి ఎత్తి నవ్వించేసేవారు.

రిటైరయ్యాక ఆఫీసు వదిలేసిన ఆ పెట్టెను కొనుక్కుని నోయిడా తీసుకుపోయారు. అక్కడ అప్పటికి ఇళ్ల కంటే పొలాలే ఎక్కువ. ఎండకు కొదవ లేదు. రోజూ పెట్టేవారు, రాసేవారు. ఎవరికోసమో ఎవరూ అడగలేదు. పిన్నిగారు మాత్రం తన పొయ్యి మీద తన పప్పు తానే వండుకునేవారు.

నేను వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నమైంది. మూడింటికి మగవాళ్లు ఆయన్ను తీసుకువెళ్లారు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్కింటి సర్దార్జీ వాళ్లు టీ తెచ్చిపెట్టారు, ఎవరూ ముట్టలేదు. పిన్నిగారి స్నానానికి నీళ్లు రావడం లేదంటే, ట్యాంకు చూద్దామని మేడెక్కాను.

పెట్టె ఎండలో ఉంది. ఆయన పొద్దున పెట్టిన దిక్కుకే ముఖం చేసి ఉంది. తర్వాత దాన్ని తిప్పినవారు లేరు. నోట్‌బుక్ మేకుకు వేలాడుతోంది. ఆ రోజు వరుసలో టైము, నీళ్లు, పప్పు, ఎండ అన్నీ ఆయన చేతిరాతలో ఉన్నాయి. చివరి గడి ఖాళీగా ఉంది. అద్దం మూత ఎత్తితే ఆవిరి మొహానికి కొట్టింది. ఒక బద్ద తీసి వేళ్ల మధ్య పెట్టి నొక్కాను. పెన్సిలు తీసుకుని ఆ గడిలో 'ఉడికింది' అని రాశాను.

కిందికి వచ్చి పిన్నిగారి పక్కన కూర్చున్నాను. పైన పప్పు ఉందని చెప్పాను. ఆవిడ తలెత్తి నావైపు చూశారు.

"ఉడికిందా?" అన్నారు.

"ఉడికింది పిన్నిగారూ."

"నొక్కి చూశావా?"

నేను చెయ్యి చాపాను. ఆవిడ నా చెయ్యి అందుకుని, వేళ్లకు అంటిన పప్పును తన వేలితో మెల్లగా తడిమి చూశారు. అది ఇంకా వెచ్చగానే ఉంది.