థ్యాంక్స్ మెయిల్లో మా చేను

సోలార్ పార్కు కంట్రోల్ రూములో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అయి బయటికి వచ్చానో లేదో, పావగడ కాలేజీలో నాతో చదివి ఇప్పుడు బెంగళూరులో పనిచేసే స్నేహితురాలు ఫోన్ చేసింది. "ఇంటికి పోతానే వాళ్ళకు థ్యాంక్స్ మెయిల్ పెట్టు. ఇప్పుడదే పద్ధతంట."

డిప్లొమా అయ్యాక నాకు వచ్చిన మొదటి పిలుపు అది. అడిగినవాటన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాను. ఇంటర్వ్యూ చేసిన సారు, డ్యూటీకి ఎప్పుడు రాగలవని కూడా అడిగాడు. మా ఊరు రాయచెర్లు వచ్చేదాకా షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నా నా కాళ్ళు నేల మీద లేవు.

గడప మీద కూర్చుని ఫోనులో మెయిల్ మొదలుపెట్టాను. మేకలకు నీళ్ళు పెట్టి వచ్చిన నాన్న, ఏం రాస్తున్నావని అడిగాడు. చెప్పాను.

"పని ఇంకా ఇయ్యనే లేదే, థ్యాంక్స్ ఎందుకమ్మా?" అని నవ్వాడు. "సరే, ఎవరి బిడ్డవో రాసినావా?"

"అదంతా వాళ్ళు అడగరు నాయనా."

"అడక్కుంటే చెప్పకూడదా? మనమెవరో తెలీకుండా పని ఎట్లిస్తారు? వాళ్ళ ప్యానెల్లు ఉండేది మన చేన్లోనే అని రాయి. మనమేం పరాయోళ్ళమా?"

మా వైపు ఎవరి దగ్గరికి ఏ పని మీద పోయినా ముందు ఇంటిపేరు, ఆ తర్వాత చేను ఎక్కడుందో చెప్పుకోవాలి. సంబంధం మాట్లాడటానికైనా, దుక్కికి ఎద్దులు అడగడానికైనా అదే మర్యాద. నాకూ సబబే అనిపించింది. ఒకప్పుడు మేం వేరుశనగ వేసిన చేను ఇప్పుడు సోలార్ పార్కు లీజులో, వాళ్ళ కంచె లోపల ఉంది. అది ఏ బ్లాకులో, ఏ గుట్ట పక్కన ఉందో ఇంగ్లీషులో ముచ్చటగా రాసి, మీ సంస్థకు మా కుటుంబం కొత్త కాదని ముగించి పంపాను.

మరునాడు ఆ సారే ఫోన్ చేశాడు. ఆయనదీ పావగడే.

"ఏందమ్మా ఇట్ల చేసినావు! భూమి లీజుకిచ్చినోళ్ళ పిల్లల్ని కంట్రోల్ రూములో పెట్టుకోవద్దని పైనోళ్ళ మాట. రేపు ఏదన్నా తగాదా వస్తే స్విచ్చు మీ చేతిలో ఉంటాదని భయం. నీ పేరు పైకి పంపించేసింటి. నీ మెయిల్ వాళ్ళూ చూసినారు. ఇంక నా చేతిలో ఏమీ లేదు."

"థ్యాంక్యూ సార్," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఏడుపు కూడా రాలేదు. పిల్లలకు ఇక్కడే పని దొరుకుతుందనే కదా నాన్న ఆ రోజు లీజుకు సంతకం పెట్టింది! ఇంత చదివీ కంచె బయట నిలబడటానికే పుట్టానేమో అనిపించింది. ఇక ఎవరికి ఏం రాయాలన్నా నాకు చేతులు రావు అనుకున్నాను.

నాన్న ఆత్రంగా నా ముఖంలోకి చూస్తున్నాడు. "ఏమన్నారు? మన చేను గుర్తుపట్టినారా?"

"గుర్తుపట్టినారు నాయనా."

"చూసినావా, నే చెప్పలే!" అంటూ మేకలను విప్పుకుని, కంచె వెంబడి వెళ్ళిపోయాడు.