హాచ్ కింద గుండ్రటి గీత

దయ్యాలు, గాలి సోకుడు, నజర్ తాకుడు, గివేవీ నేను ఎన్నడు నమ్మలే. ఇప్పటికీ నమ్మ. నాకు జర తల నొస్తే చాలు, మా అమ్మి ఏదో చదివి నీళ్ల మీద ఊది తాగిపిస్తది. తాగుత, ఎందుకంటే తాగకుంటే పొద్దుందాక సతాయిస్తది. అంతే తప్ప నమ్మి కాదు.

గిది ముందుగాల్నే ఎందుకు చెప్తున్ననంటే, ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మా ఆఫీసోళ్లు నన్ను మంత్రగత్తె లెక్క చూస్తున్నరు. నేను కంప్యూటర్ మీద బిల్డింగుల నక్షలు గీసేదాన్ని, గంతే. కరీంనగర్ల మాదొక చిన్న ఆఫీసు, నలుగురం పనిచేస్తం. మా పెద్ద వాజిద్ భాయ్.

బోథ్ దిక్కు ఒక ఊర్ల ఆడపిల్లల హాస్టల్ పని వచ్చింది. గోడలు, నేల, గదులు ఆర్కిటెక్ట్ వాళ్ల ఫైల్ల ఉంటయి. పిల్లర్లు, పునాదులు మా ఫైల్ల. వాళ్ల ఫైల్‌ని మా ఫైల్‌కి లింకు చేస్తం. అప్పుడు రెండూ ఒక్కతాన కనబడుతయి.

ఒక రోజు పొద్దున పది గంటలకు సైటు నుంచి ఇంజనీర్ రాజన్న ఫోన్ చేసిండు. "షాహీనూ, నువ్వు పంపిన నక్షల పునాదులేవి? మొత్తం పేడతో అలికినట్టున్నది" అని నవ్విండు. మధ్యాహ్నం కాంక్రీట్ పోస్తరట. మూల పునాది గుంతల అప్పటికే ఏడుగురు దిగి ఇనుప సలాకలు కడుతున్నరట. జల్ది సాఫ్ నక్ష పంపుమన్నడు.

తప్పు ఏడున్నదో చూడంగనే తెలిసింది. నేల ఏ తీరుదో తెలువనీకి నక్షల గీతలు, రంగులు నింపుతం, దాన్నే హాచ్ అంటం. ఆర్కిటెక్ట్ వాళ్లు నేలకు నిండు నల్ల హాచ్ వేసిండ్రు. అది మా పునాదులను కప్పేసింది. పల్చగ చేద్దామని మా ఫైల్ల ఎంత తిప్పలు పడ్డా అది కదలలే. లింకు ఫైల్ అంటే పక్కింటి పిల్ల అసువంటిది, మనింట్ల కూసున్నా వాళ్ల అవ్వ మాటే వింటది. లింకు సెట్టింగుల్లకు పోయి, మా ఫైల్ చెప్పినట్టు వినేటట్టు మార్చిన. అప్పుడు హాచ్‌ని నూటికి డెబ్బై వంతులు పల్చగ చేసిన. పునాదులు కనబడ్డయి.

పునాదులతోపాటు ఒక గుండ్రటి గీత గూడ కనబడ్డది.

మూల పునాది కింద సగం, బయట సగం ఉన్నదది. ఉత్తరం దిక్కు చిన్న గాటు పెట్టినట్టు ఉన్నది. మౌసుతో నొక్కితే దొరకలే. ఎవరిదా గీత అని ఆర్కిటెక్ట్ వాళ్ల ఫైల్ తెరిచి వెతికిన, అందుల లేదు. మా ఫైల్ల లేదు. సర్వే ఫైల్ల లేదు. వాళ్ల ఆఫీసుల గీసే అమ్మాయికి ఫోన్ చేస్తే, "అసలు అక్కడ నేనేం గీయలేదక్కా" అన్నది. సెల్‌ఫోన్‌తో స్క్రీన్‌ని ఫొటో తీసి పెట్టుకున్న.

గిప్పుడు నా బాధ చెప్పాలె. అంతకు నెల ముందు హుజూరాబాద్ గోదాము పనిల గిట్లనే ఒక గీత చూసి, పిల్లర్ తప్పున్నదని పని ఆపిపిచ్చిన. తీరా చూస్తే అది ఉత్త స్క్రీన్ లోపం. దినమంతా కూలోళ్లు ఖాళీగ కూసున్నరు. "ఇంకోపారి గిట్లయితే ఇంట్లనే కూసో" అన్నడు వాజిద్ భాయ్. మా అబ్బా మోకాళ్లు పట్టేసి దుకాణం బంద్ పెట్టిండు. ఇల్లు నడిచేది నా జీతంతోనే.

అందుకే నేనేం చేసిననంటే, హాచ్‌ని మళ్ల జర మందం చేసిన. పునాదులు మసకగ కనబడుతున్నయి, గుండ్రటి గీత మునిగిపోయింది. చాయ్ తాగిన. మెయిల్ రాసుకున్న. అరగంట గట్లనే గడిచింది.

పంపుదామంటే మనసొప్పలే. భయం కాదు, ఏదో పాడు పని చేస్తున్నట్టు అనిపిచ్చింది. వాజిద్ భాయ్‌కి చెప్పకుండ రాజన్నకే ఫోన్ కలిపి, మూల పునాది కింద ఏదో గుండ్రటి గీత కనబడ్డది, జర చూడుమన్న.

"మళ్ల మొదలు పెట్టినవా తల్లీ!" అన్నడు, హుజూరాబాద్ సంగతి ఆయనకు ఎరుకే. తిట్టిండు గూడ. కానీ మంచోడు, మనుషులను పైకి ఎక్కిపిచ్చి మూలకు గడ్డపార వేయించిండు. రెండు పోట్లకు గడ్డపార చేతుల్లకెళ్లి జారి లోపలికి పోయిందట. తర్వాత గుంత మూల మొత్తం, కట్టిన సలాకలతో సహా కిందికి కూలింది. అప్పుడు అండ్ల ఎవ్వరు లేరు.

అది పాత నీళ్ల బాయి. హాస్టల్‌కు జాగ ఇచ్చిన నామ్‌దేవ్ తాత, సర్వేకు ముందే పత్తి కట్టె వేసి బాయి నింపి, మీద నల్లమట్టి పోసి దున్నేసిండట. కట్టె మురిగి లోపల డొల్ల అయ్యింది. నేను వాజిద్ భాయ్ తోని సైటుకు పోయినప్పుడు తాత ఊరందరి ముందట ఏడ్చిండు. "బాయి ఉన్నదంటే హాస్టల్ పక్క ఊరికి పోతదని భయపడ్డ బేటీ. మా ఊరి పిల్లలు చదువు ఇడిసిపెడుతున్నరు" అన్నడు. నేను సెల్‌ఫోన్ల ఫొటో చూపెట్టిన. ఆయన ఆ గాటు మీద వేలు పెట్టి, "గిది మెట్లు దిగే జాగ. నీకెవరు చెప్పిండ్రు?" అని అడిగిండు. తవ్వితే మెట్లు ఆ దిక్కే ఉన్నయి.

హాస్టల్‌ని కొంచెం పక్కకు జరిపి అదే ఊర్ల కడుతున్నరు. అప్పటి ఫైల్ కాపీ నా దగ్గర ఉన్నది. హాచ్‌ని ఎంత పల్చగ చేసినా ఇప్పుడు గీత కనబడది. ఫొటోల మాత్రం ఉన్నది. కంప్యూటర్ సంగతులు తెలిసినోళ్లు ఇద్దరు ముగ్గురు చూసిండ్రు, ఎవ్వరు తెగేసి ఏం చెప్పలే. నాకు గూడ తెల్వది. ఊరికే ఏదో ఒక కారణం చెప్పి మిమ్మల్ని, నన్ను మోసం చేసుకోను.

తాత మీద ఊరోళ్లు చాలామంది కోపం చేసిండ్రు. నాకు కోపం రాలే. ఎందుకంటే ఆ గుంతల ఏడుగురు ఉన్నరని తెలిసి గూడ నేను ఆ గీతను దాసి, అరగంట చాయ్ తాగుకుంట కూసున్న. తాత తన తప్పు అందరి ముందట ఒప్పుకున్నడు. నేను నాది ఎవ్వరికి చెప్పలే, గిదే మొదటిసారి.