మాస్టారి నాచు, నా మిరప చేతులు

మొన్న మంగళవారం పొద్దున కాలేజీ అటెండరు సైకిలు గోడకు ఆనించి, మా గుమ్మం ముందే నిలబడిపోయాడు. "అమ్మా, మాస్టారు పోయారండీ. నిద్రలోనే," అన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

మాస్టారు మా గుంటూరు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నేను ఆయన ప్రయోగశాలలో డిమాన్‌స్ట్రేటర్ని. ఆయన శిష్యులెవరైనా ఇది చదువుతుంటే, ఆయన వ్యాసం ఎందుకు అచ్చుకాలేదో మీకు తెలియాలి.

చెరువుల్లో దొరికే ఒక రకం నాచులో ఒక్కో కణమూ వేలెడు పొడవుంటుంది. దాని పొరలో కంటికి కనబడని ద్వారాలున్నాయనీ, ఉప్పులోని ఒక్కో అయానుకూ ఒక్కో ద్వారం తెరుచుకుని మూసుకుంటుందనీ మాస్టారి నమ్మకం. ఆ గొడవ ఊళ్లో ఇంకెవరికీ పట్టదు. "ఏమండోయ్, మీ నాచు ఇవాళ తలుపు తీసిందా?" అని తోటి మాస్టార్లు ఆటపట్టిస్తే నవ్వేసి వచ్చేసేవారు. భార్య పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. మాట్లాడుకోవడానికి నేనూ, నాచూ. నాకు మాత్రం ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేవారు.

స్పిరిట్ దీపం మీద గాజు గొట్టాన్ని వేడిచేసి, ఊపిరి బిగబట్టి వెంట్రుకంత సూదిగా సాగదీసేవారు. కణంలో గుచ్చేటప్పుడు "నెమ్మదమ్మాయ్, బెదిరిపోతుంది" అనేవారు. ద్వారం తెరుచుకుంటే పారే కరెంటుకు గాల్వనోమీటరు వెలుగు చుక్క స్కేలు మీద ఎంత జరిగితే అంత రాసుకునేవాళ్లం. నాలుగేళ్లూ అవే అంకెలు. విదేశీ పత్రికకు వ్యాసం సిద్ధమైంది. పంపేముందు ఒక్కసారి సరిచూద్దామన్నారు.

సరిగ్గా అప్పుడే మా చేలో మిరపకాయలు ఇంటికొచ్చాయి. ఆ ఏడు కూలీలు దొరక్క, పొద్దున్నే నేనే తొడిమలు తీసి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని వెళ్లి నాచు సర్దేదాన్ని. వెలుగు చుక్క పిచ్చెక్కినట్టు గెంతింది. వారం రోజులూ అంతే. మాస్టారు తీగెలు మార్చారు, నీళ్లు మార్చారు, అన్నం మానేశారు. చివరికి "నాలుగేళ్లూ నన్ను నేనే మోసం చేసుకున్నానమ్మాయ్" అని వ్యాసాన్ని సొరుగులో పడేశారు.

ఆ సాయంత్రం కన్ను నలుపుకున్నాను. భగ్గుమంది. ఛీ, మిరప చేలో పుట్టి పెరిగినదాన్ని, ఆ ఘాటు సబ్బుకి పోదని నాకు తెలియదూ! మర్నాడు నూనె రాసి కడుక్కుని వెళ్తే చుక్క బుద్ధిగా కదిలింది. మాస్టారు మాత్రం ఇక నమ్మలేదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. ఇంట్లో అందరితో పోట్లాడి తెచ్చుకున్న ఉద్యోగం, పోతుందని భయపడ్డాను. అలా ఆరేళ్లు గడిపేశాను.

పోయిన నెల, మంచం పట్టిన మాస్టారి దగ్గర కూర్చుని ఏడుస్తూ చెప్పేశాను. ఆయన మోచేతుల మీద లేచారు.

"అయితే మిరప ఆ ద్వారాన్ని తెరుస్తుందన్నమాట! ఎంతసేపటికి తెరుచుకుంది? మళ్లీ ఎప్పుడు మూసుకుంది? ఆ వారం అంకెలు రాసిన కాగితాలేవీ?"

"పొయ్యిలో పెట్టేశాను మాస్టారూ."

మెల్లగా వెనక్కి వాలారు. "అయ్యో, ఆరేళ్లు పోయాయి కదమ్మాయ్," అన్నారు. తిట్టినా బాగుండేది.

నిన్న తొడిమలు తీసిన చేతులతోనే ప్రయోగశాలకు వెళ్లాను. నాచు పోగు సర్ది, సూది గుచ్చాను. కాసేపటికి చుక్క గెంతింది. టైము రాసి, అంకెను పైకి చదివి, అవతలి బల్ల దగ్గర్నుంచి మాస్టారు ఎప్పట్లా "ఊఁ" అంటారని ఆగాను. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తాను. మిరప గుర్తొచ్చి దించేశాను.